నాలుక కింద మాత్ర

ఆ ఆదివారం చర్చిలో పాట అందుకోగానే అందరి చేతులూ పైకి లేచాయి. ఆడవాళ్ళ వరసలో మా ఆవిడ రూతు చేతులు మాత్రం ఛాతీ దాకా వచ్చి ఆగిపోయాయి. ఇంకాస్త ఎత్తబోయింది. మొహం ముడుచుకుంది. దించేసింది. మగవాళ్ళ వైపు నుంచి నేను చూస్తూనే ఉన్నాను.

బయటికొచ్చాక, "ఏంటోయ్, అందరూ చేతులెత్తితే నువ్వు సగంలో ఆపేశావు. దేవుడితో ఏమైనా తగువా?" అన్నాను.

నవ్వింది. "పేషెంట్లని ఎత్తి ఎత్తి భుజాలు పట్టేశాయండీ. వేళాకోళం ఆపి స్కూటర్ తీయండి" అంది.

అది మే నెల. రాయ్‌పూర్ మే నెల సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి నేను చెబితే నమ్మరు. ఆ ఎండలో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు తొడుక్కుంది రూతు. అప్పటికి కొన్ని నెలలుగా అలాంటివే తొడుక్కుంటోంది. అడిగితే, "వార్డులో ఏసీ అండీ, చలి" అనేది. చర్చిలో ఏసీ లేదు. ఆ మాట నాకు ఆరోజే తట్టింది.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. నాన్నకి రైల్వేలో ఉద్యోగం రావడంతో ఈ ఊరొచ్చాం, ఇక్కడే ఉండిపోయాం. నేను వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టర్ని. రూతు ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సు. మాకు పిల్లలు లేరు. ఆమెకి వార్డులో పిల్లలు, నాకు నా కోతలు. కాలనీలో నా మాట ఎవరూ నమ్మరు, కానీ అందరూ కూర్చుని వింటారు. ఆరంగ్ దగ్గర మహానదిలో నేను ఒక చేపని పట్టాను. దాని మీసాల మీద మా ఆవిడ రెండు చీరలు ఆరేసింది. తిల్దా స్టేషన్‌లో దాన్ని బండెక్కించబోతే టీటీ దానికి వేరే టికెట్ అడిగాడు. చెప్పిన ప్రతిసారీ ఆ చేప కాస్త పెరిగేది.

రూతు ఆ చేపని పనికి పెట్టింది. సెలైన్ పెట్టాల్సిన పిల్లాడు ఏడుస్తుంటే, "మా ఆయన పట్టిన చేప కథ తెలుసా నీకు?" అని మొదలుపెట్టేది. పిల్లాడు నోరు తెరిచి వినేవాడు. మీసాల దగ్గరికి వచ్చేసరికి సూది దిగిపోయి ఉండేది. ఎంత సన్నటి నరమైనా ఆమె వేలికి దొరికేది. మిగతా నర్సులు రెండుసార్లు గుచ్చి, "రూత్ దీదీని పిలవండి" అనేవాళ్ళు. భోజనం క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు నేను కళ్ళారా చూశాను. ఇది మాత్రం కోత కాదు.

భుజాల కోసం ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే తీశారు, షుగర్ చూశారు. ఫ్రోజెన్ షోల్డర్ అంటారేమో అనుకున్నాం. ఆ పెద్దాయన జాకెట్టు చెయ్యి పైకి మడవమని, దండచేతి మీద బొటనవేలితో నొక్కాడు. వేలు దిగలేదు.

"యే తో లక్డీ హై" అన్నాడు. కండ కట్టెలా అయిపోయిందని. "సిస్టర్, ఇక్కడ ఎన్నాళ్ళుగా ఇంజెక్షన్లు వేసుకుంటున్నారు?"

"నీరసంగా ఉంటే బీ కాంప్లెక్స్ వేసుకున్నాను సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "బీ కాంప్లెక్స్‌కి కండ ఇలా అవదు సిస్టర్. ఇది ఫైబ్రోసిస్. నేను ఇలాంటివి చూశాను, అవన్నీ ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళవే." తిట్టలేదు. ఇంకో విభాగం పేరు చెప్పి, ఇవాళే వెళ్ళమన్నాడు.

బయట చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాం. రూతు గ్లాసు పట్టుకుని తాగకుండా ఉంది.

"ఏవండీ, ఒకటి చెప్తాను. మీరు దాన్ని కథ చేయకూడదు."

"చేయను."

నాలుగైదేళ్ళ కిందట ఆమెకి కిడ్నీలో రాయి నొప్పి వచ్చింది. డ్యూటీలోనే పడిపోతే అక్కడి డాక్టరు పెంటాజోసిన్ ఇంజెక్షన్ రాశాడు. "నొప్పి పోవడం ఒక్కటే కాదండీ. పుట్టినప్పటి నుంచి నా మీద ఒక బండ ఉన్నట్టూ, దాన్ని ఎవరో ఎత్తేసినట్టూ ఉంది" అంది. రాయి పడిపోయింది. కానీ వరసగా నైట్ డ్యూటీలు చేసి నడుం విరిగినప్పుడు ఆ ఇంజెక్షనే గుర్తొచ్చింది. ఒకటి వేసుకుంది. తర్వాత వారానికొకటి. తర్వాత రోజూ. చివరికి వేసుకోకపోతే ఒళ్ళు నొప్పులు, ఆ నొప్పులకి మళ్ళీ అదే. నర్సని తెలిసిన మందుల షాపువాడు చీటీ అడక్కుండా ఇచ్చేవాడట. పేషెంట్ల మందు ఎన్నడూ ముట్టలేదని ప్రమాణం చేసింది. నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.

నాకు ఒక్కటే అర్థం కాలేదు. ఇంతమంది నరాలు వెతికిన మనిషి, తన చేతిలో ఇంకా సూది పడని చోటు కోసం వెతుక్కుంటుంటే పక్కనే పడుకుని నేనెలా గురకపెట్టాను?

డీ అడిక్షన్ వార్డులో చేర్చాం. అక్కడి డాక్టర్ సాహు మేడమ్ ఈ ప్రాంతం మనిషే, నెమ్మదిగా మాట్లాడుతుంది. మొదటిరోజే అంది, "ఇది నడత చెడిపోవడం కాదు, జబ్బు. జబ్బుకి సిగ్గుపడితే నాకు పని కష్టమవుతుంది."

విత్‌డ్రాయల్ అంటే, అలవాటైన మందు ఆగితే ఒళ్ళు పడే బాధ, సినిమాల్లోలా అరుపులనుకున్నాను. ముందు ఆవలింతలు వచ్చాయి. ఒకదాని మీద ఒకటి, దవడ ఊడుతుందేమో అన్నట్టు. ముక్కు కారింది, కళ్ళు కారాయి. ఆ ఎండల్లో ఒళ్ళంతా గగుర్పొడిచి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. విరేచనాలు. కాళ్ళు ఆమె ప్రమేయం లేకుండా మంచాన్ని తన్నాయి. "ఏవండీ, ఒక్కటి. ఒక్కటే. నేను నర్సుని, నాకు తెలుసు ఎంత వేయాలో" అని నా చొక్కా పట్టుకుంది. నేను కిటికీ వైపు చూశాను. తర్వాత ఆ ఇంజెక్షన్ మీది యావని అణిచే బుప్రెనార్ఫిన్ మాత్ర మొదలుపెట్టారు. నాలుక కింద పెట్టుకుని కరిగేదాకా మాట్లాడకూడదు, మింగకూడదు. అది పడ్డాక ఆమె నిద్రపోయింది. మొహం మళ్ళీ ఆమె మొహంలా కనిపించింది.

కాస్త తేరుకున్నాక మేడమ్ అడిగింది. ఇలాంటి మందులు మనిషి ఒంటినీ, నడతనీ ఏం చేస్తాయో తెలుసుకునే రీసెర్చ్ ఒకటి ఆ విభాగంలో జరుగుతోందట, ఇష్టమైతేనే చేరొచ్చట. రూతు వెంటనే సరేనంది. "నాలాంటి ఇంకో నర్సుకి పనికొస్తుంది కదండీ" అంది. ఆ మాటలో నాకు పాత రూతు వినిపించింది.

ఇంట్లోవాళ్ళనీ ప్రశ్నలు అడుగుతారు. నా వంతొచ్చింది.

"రూతుకి కోపం ఎలా ఉండేది?" అడిగింది మేడమ్.

"అబ్బో! ఒకసారి గిన్నె విసిరితే ఊరవతల మందిర్ హసౌద్‌లో పడింది మేడమ్."

ఆమె నవ్వలేదు, కలం ఎత్తి ఆగింది. "ప్రకాశ్ జీ, గిన్నె ఎక్కడ పడింది?"

"వంటింట్లోనే మేడమ్."

"అది చాలు."

నా జన్మలో నన్ను అంత తేలిగ్గా దించినవాళ్ళు లేరు.

రూతుకి ఒక పరీక్ష పెట్టారు. వేలికి క్లిప్పు తగిలించి తెర మీద బొమ్మలు చూపించారు. పువ్వులు, నది, పళ్ళెంలో రొట్టెలు, మధ్యలో ఒక ఆంప్యూల్, అంటే ఇంజెక్షన్ మందుండే గాజు సీసా, సిరంజి. ఒక్కో బొమ్మకీ, ఇంజెక్షన్ కావాలనిపిస్తోందా, ఎంత, అని సున్నా నుంచి పది దాకా చెప్పాలి. నేను వెనక కుర్చీలో ఉన్నాను. రూతు పువ్వుకి సున్నా అంది, నదికి సున్నా అంది, ఆంప్యూల్‌కీ సున్నా అంది. కానీ ఆ బొమ్మ వచ్చినప్పుడు పక్కనున్న మెషిన్‌లో గీత ఒక్కసారిగా లేచింది.

బయటికొచ్చాక మేడమ్‌ని పక్కకి పిలిచి, "మా ఆవిడ అబద్ధం చెబుతోందా?" అని అడిగాను. ఈ విద్యలో నేను కాస్త చేయి తిరిగినవాణ్ణి కదా.

"లేదు. నిజమే చెబుతోంది, ఆమెకి తెలిసినంత వరకు. ఒళ్ళు నేర్చుకున్నది నోటికి తెలియదు. వాసన, దూది, గాజు విరిగిన చప్పుడు, ఏదో ఒకటి తగిలితే ఒళ్ళు లేచి కూర్చుంటుంది. అందుకే మాత్ర." మరో మాట కూడా అంది. ఆ మాటని నేను ఇప్పటికీ నిద్రలో కూడా అప్పజెబుతాను. "మాత్ర మానేస్తే కొన్నాళ్ళకి ఒళ్ళు ఆ ఇంజెక్షన్ని మోయడం మరిచిపోతుంది. అడగడం మాత్రం మరిచిపోదు. అప్పుడు పాత డోసు వేసుకుంటే అదే విషం. మాత్ర నేను ఆపమన్నప్పుడే ఆపాలి. నెలలు పట్టొచ్చు, ఏళ్ళు పట్టొచ్చు."

ఇంటికొచ్చాం. మా అత్తగారు మార్తమ్మ గారు అప్పటికే ఊరి నుంచి వచ్చి ఉన్నారు. కూతురు వార్డులో ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఉపవాసం ఉండి ప్రార్థన చేశారు. బిడ్డ లేచి నడిస్తే చర్చిలో సాక్ష్యం చెప్పిస్తానని మొక్కుకున్నారు. మా క్రైస్తవుల ఇళ్ళలో ఇది తెలిసిన సంగతే. మేలు పొందినవాళ్ళు నలుగురి ముందు నిలబడి, నాకు దేవుడు ఈ మేలు చేశాడు అని చెప్పాలి. చెప్పకపోతే మేలు దాచుకున్నట్టు.

"ఇప్పుడే వద్దమ్మా" అంది రూతు.

"మొక్కు ఉంచుకోకూడదే. ఆయన నిన్ను నాకు తిరిగిచ్చాడు, నువ్వు నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేవా?"

మా అయ్యగారు, అంటే పాస్టరు గారు, మంచివారు. "ఇష్టమైతేనే చెప్పమ్మా, రెండు మాటలు చాలు" అన్నారు. రెండు మాటలే అనుకుని లేచింది రూతు. కానీ సాక్ష్యానికి ఒక రూపం ఉంది. చిన్నప్పటి నుంచి విన్న రూపం. ముందు చీకటి, తర్వాత కన్నీటి ప్రార్థన, చివర సంపూర్ణ స్వస్థత. మధ్యలో ఆగిన సాక్ష్యం నేనెప్పుడూ వినలేదు. "ఇంకా బాగవుతున్నాను, రోజూ మందు వాడుతున్నాను" అని మైకులో చెప్పినవాళ్ళు లేరు. రూతు కూడా మొదలుపెట్టాక ఆ దారినే వెళ్ళింది. మందు పేరు చెప్పలేదు, ఒక బలహీనత అంది. చివరికి, "నన్ను పూర్తిగా విడిపించాడు" అంది. జనం హల్లెలూయా అన్నారు. అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. నేనూ అందరితోపాటు హల్లెలూయా అన్నాను, ఎందుకు దాచాలి?

ఆ సోమవారం పొద్దున మాత్ర అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది.

"ఏవండీ, పూర్తిగా విడిపించాడని దేవుడి ముందు చెప్పాను కదా. ఇప్పుడు ఇది పెట్టుకుంటే చెప్పింది అబద్ధమవదూ?"

"అయితే అయింది. అబద్ధం చెప్పినంత మాత్రాన ఎవరూ పోరు. సాక్ష్యం నేనే, చూడు, ఎంత లావుగా ఉన్నానో."

అత్తగారు తులసాకులు మరిగించిన నీళ్ళు తెచ్చి పెట్టి, "విశ్వాసం ఉన్నచోట మాత్రలేంటి నాయనా" అన్నారు. ఆవిడకి తెలిసింది ఆవిడ చెప్పారు. నేను గట్టిగానే వాదించాను, మేడమ్ మాటలన్నీ అప్పజెప్పాను. రూతు తలూపింది. నా ముందే మాత్ర నాలుక కింద పెట్టుకుంది. మర్నాడూ అంతే. కానీ నేను స్కూటర్ తీయడానికి బయటికి వెళ్ళగానే పెరట్లో కుళాయి దగ్గర ఉమ్మేసేదని తర్వాత తెలిసింది.

కొన్ని వారాలు గడిచాయి. మనిషి హుషారుగానే కనిపించింది. కాలనీలో ఒకావిడకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయితే, "చూసొద్దామండీ" అని తనే అంది. వెళ్ళాం. వార్డు తలుపు తీయగానే స్పిరిట్ వాసన. రూతు గడపలో ఒక్క క్షణం ఆగి, తల వంచుకుని లోపలికెళ్ళింది. తిరిగి వస్తుంటే ఏమైందని అడిగాను. "అలసటండీ" అంది.

మర్నాడు మధ్యాహ్నం వ్యాగన్ షాపులో పని నుంచి వచ్చేసరికి అత్తగారు వరండాలో బియ్యం ఏరుతున్నారు. "స్నానానికి వెళ్ళింది నాయనా, ఇంకా రాలేదు" అన్నారు. బాత్రూమ్ తలుపు కింద నుంచి నీళ్ళు పారుతున్నాయి. బకెట్ నిండి పొర్లుతున్న చప్పుడు. పిలిచాను. ఇంకోసారి పిలిచాను. తలుపు భుజంతో గుద్ది విరగ్గొట్టాను.

గోడకి జారబడి ఉంది. పెదాలు నేరేడు పండు రంగు. గొంతులో నుంచి మాత్రం, చాలాసేపటికోసారి, గురకలాంటి చప్పుడు. సబ్బు పెట్టె పక్కన సిరంజి.

పక్కింటి ఆటోలో తీసుకెళ్ళాం. దారి పొడుగునా ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను. అదే ఆసుపత్రి ఎమర్జెన్సీలో, ఆ మందుకి విరుగుడైన నలోక్సోన్ ఇవ్వడానికి నరం వెతికారు. దొరకలేదు. ఆ చేయి, ఈ చేయి, మెడ. ఊళ్ళో పిల్లలందరి నరాలూ దొరకబుచ్చుకున్న మనిషి ఒంట్లో ఒక్క నరం దొరకలేదు. చివరికి కండలోకే ఇచ్చారు. కొంచెం ఆగి మళ్ళీ ఇచ్చారు. ఛాతీ పైకి లేచింది.

సాహు మేడమ్ పరుగున వచ్చింది. "మాత్ర తీసుకుంటోందా?" అని హిందీలో అడిగింది.

అత్తగారికి హిందీ రాదు గానీ ప్రశ్న అర్థమైంది. బెంచీ మీద నుంచి లేచి తెలుగులోనే అన్నారు, "స్వస్థత అయిపోయిందని మేమే చెప్పించామమ్మా. మాత్ర అక్కర్లేదన్నాను. నేనే అన్నాను."

మేడమ్ నా వైపు చూసింది. నేను హిందీలోకి మార్చి చెప్పాను. ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు. నా నోటి నుంచి ఉన్నది ఉన్నట్టు వచ్చిన మొదటి వాక్యం అదేనేమో. మేడమ్ అత్తగారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అమ్మకి చెప్పండి, ప్రార్థన ఆపమని నేనెప్పుడూ అనలేదు. మాత్ర కూడా ఆపొద్దన్నానంతే."

ఊపిరితిత్తుల్లో న్యుమోనియా వచ్చింది. చాలా రోజులు ఐసీయూ. కళ్ళు తెరిచిన రోజు ఒక కుర్ర నర్సు రక్తం తీయడానికి తంటాలు పడుతోంది. రూతు తన పాదం వైపు చూపించి, "చీలమండ లోపలివైపు చూడు తల్లీ, అక్కడొకటి మిగిలుంది" అంది. ఆ మాటకి ఆ పిల్ల నిశ్చింతగా గుచ్చింది. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. రూతు బతికింది. ఇంజెక్షన్ మళ్ళీ ముట్టలేదు, నాకు తెలిసినంత వరకు. మెషిన్ ముందు కూర్చోబెడితే గీత ఇంకా లేస్తుందేమో, అదీ నాకు తెలియదు. ఫిజియోథెరపీ చాలాకాలం చేయించాం. చేతులు భుజాలు దాటి పైకి రావని ఆర్థోపెడిక్ పెద్దాయన చెప్పేశాడు. నర్సు ఉద్యోగం అయిపోయింది. వెళ్ళి అడిగితే ఏదో ఒక పని ఇచ్చేవాళ్ళేమో, కానీ ఆ వాసన ఉన్నచోట పని ఆమెకి వద్దని మేడమ్ చెప్పింది. ఆమె చేతులు తల దాకా అందవు కాబట్టి నేనే దువ్వి జడ వేస్తాను. మొదట్లో నా జడ చూసి కాలనీ ఆడవాళ్ళు, "వ్యాగన్ కప్లింగ్‌లా బిగించావు అన్నా" అనేవాళ్ళు. ఇప్పుడు బాగానే కుదురుతోంది. కొన్నిసార్లు అద్దంలో ఆమె తన చేతుల్ని చూసుకుంటుంది, నేను దువ్వెనని చూస్తాను.

అత్తగారు మాతోనే ఉన్నారు. పొద్దున్నే చిన్న సాసర్లో మాత్ర పెట్టి, దాని మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసి, కూతురికి ఆవిడే అందిస్తారు. అయ్యగారు కూడా ఒక ఆదివారం, ఇకమీదట ఇంకా కోలుకుంటూ మధ్యలో ఉన్నవాళ్ళూ సాక్ష్యం చెప్పొచ్చు అన్నారు. రూతు మాత్రం మళ్ళీ మైకు దగ్గరికి వెళ్ళలేదు.

ఇది చదివేవాళ్ళింట్లో ఇలాంటి జబ్బుతో ఎవరైనా ఉంటే ఒక్క మాట. కోలుకుంటున్న మనిషి చేత "నయమైపోయింది" అని నలుగురిలో చెప్పించకండి. చర్చిలోనే కాదు, పెళ్ళిలో, చుట్టాలింట్లో, ఫోన్లో కూడా. "ఎలా ఉంది?" అని అడిగితే "మందు వాడుతోంది" అనండి, చాలు. మందు ఆపాలా వద్దా అనేది డాక్టరు నోటి నుంచే రావాలి.

మా ఇంట్లో పొద్దున మాత్ర కరిగేదాకా ఎవరూ మాట్లాడం. రూతు మాట్లాడకూడదు కాబట్టి నేనూ మాట్లాడను. నన్నెరిగినవాళ్ళు ఇది కూడా కోతే అంటారు. కరిగిందో లేదో నేను చూడాలని మేడమ్ ఆజ్ఞ. మొదటిరోజు నాలుక ఎత్తి చూపించమంటే రూతు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దొంగనా నేను?" అంది. నేను కూడా నోరు తెరిచి నాలుక ఎత్తి చూపించాను. ఏడుపులోనే నవ్వొచ్చింది ఆమెకి. అప్పటి నుంచి రోజూ ఇద్దరం చూపించుకుంటాం.

అది అయ్యాక, "చేప సంగతి చెప్పండి" అంటుంది. మొదలుపెడతాను. మహానది, వల, చేప. మీసాల దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళో ఉన్న ఆమె కుడిచేతి వేళ్ళు కొద్దిగా కదులుతాయి. పూర్వం సూది దిగే చోటు అదే. ఇద్దరం ఒక క్షణం ఆగుతాం. తర్వాత తిల్దా స్టేషన్‌లో టీటీ వచ్చి టికెట్ అడుగుతాడు.